మైదానం ఎవరిది?

ఆటస్థలాన్ని బాగుచేస్తామంటే కాదనేవాళ్లెవరు? బాగుచేశాక అందులో ఆడేదెవరన్నదే అసలు ప్రశ్న.

మన గచ్చిబౌలి స్టేడియం సంగతే చూద్దాం. 2002 జాతీయ క్రీడల కోసం కట్టారు. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. దాన్ని సొంత మైదానం చేసుకుంది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. క్లబ్బు వెళ్లిపోయింది, మైదానం మాత్రం మనకే మిగిలింది.

అయితే క్లబ్బులు వద్దంటామా? అననక్కరలేదు. క్లబ్బుతోపాటు ఆదాయం, ఆలనాపాలనా వస్తాయి. చిక్కల్లా పచ్చికతోనే. రోజంతా తొక్కితే అది కోలుకోదు. అందుకని గేటుకి తాళం పడుతుంది, వీధి పిల్లలు బయట నిలబడతారు.

దీనికి మార్గం లేకపోలేదు. పోటీలకి 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పున్న సహజ పచ్చిక మైదానం ఉంచాలి. పక్కనే కృత్రిమ పచ్చికతో మరొకటి వేస్తే, అది ఎక్కువ గంటలు తట్టుకుంటుంది గనుక పిల్లలకి వదలవచ్చు. అడుగున ఇసుక, చిల్లుల గొట్టాలు వేస్తే వాన నీళ్లు నిలవవు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రజలకి ఏ వేళలు దక్కుతాయో పనులు మొదలుపెట్టకముందే ఒప్పందంలో రాయించుకోవడం. తరవాత అడిగితే ఎవరు వింటారు?

1962 జకార్తా ఏషియాడ్‌లో స్వర్ణం గెలిచిన జట్టుకి కోచ్ మన హైదరాబాదీ రహీం సాహెబ్. అందులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాదు అమ్ముగూడ బిడ్డ. అలాంటివాళ్లు మళ్లీ రావాలంటే ముందు గేటు తెరిచి ఉండాలి కదా!