పొగపెట్టె తలుపు

నిప్పు లేనిదే పొగ రాదన్నది తెలుగువారికి చిరపరిచితమైన సామెత. తర్కశాస్త్రం అభ్యసించే విద్యార్థికి గురువు మొదట చెప్పే ఉదాహరణ కూడా ఇటువంటిదే. దూరాన కొండమీద పొగను చూసినవాడు అక్కడ నిప్పు ఉన్నదని గ్రహిస్తాడు. కనబడే గుర్తును ఆధారం చేసుకొని కనబడని విషయాన్ని తెలుసుకొనే ఈ పద్ధతికి అనుమానప్రమాణమని పేరు. అయితే ఆ శాస్త్రమే ఒక హెచ్చరికను కూడా చేస్తుంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్న ప్రతిచోటా పొగ ఉండదు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నది, పొగ లేదు. కాబట్టి గుర్తును చదవడం ఎంత అవసరమో, ఆ గుర్తు ఎంతవరకు చెప్పగలదో ఎరిగి ఉండడమూ అంతే అవసరం. పండితగోష్ఠులకే పరిమితమనిపించే ఈ సూక్ష్మం, పెరటిలో చేపలకు పొగబెట్టే ఒక ఇనుప పెట్టె విషయంలోనూ అక్షరాలా వర్తిస్తుంది.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ విస్తరించిన కొల్లేరు మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి వాగులు దానిలో కలుస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. 1999లో ఇది వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటితమైనది; 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరినది. గుడివాడ నుండి కైకలూరు వెళ్లే దారిలో ఉన్న ముదినేపల్లి ఈ కొల్లేటి సీమకు చెందినదే. పూర్వం కృష్ణా జిల్లాలో ఉన్న ఈ మండలం 2022లో ఏలూరు జిల్లాలో భాగమైనది. వరిచేల పక్కనే చేపల చెరువులు, ఆ చెరువుల్లో బొచ్చె, శీలావతి వంటి చేపలు ఈ ప్రాంతపు నిత్యదృశ్యాలు.

చేప దొరకడం ఒక ఎత్తు. దొరికిన చేపను చెడిపోకుండా కాపాడుకోవడం మరొక ఎత్తు. ఎండ కాసే రోజుల్లో ఉప్పు పట్టించి ఎండబెట్టడం తీరప్రాంతంలో అనాదిగా ఉన్న ఆచారం. ముసురు పట్టిన రోజుల్లో ఆ ఉపాయం పనిచేయదు. తడి ఆరని చేపపై ఈగలు వాలి, పురుగు పడుతుంది. అటువంటి వేళ మానవునికి తోడ్పడిన మరొక సాధనమే పొగ. ఈశాన్య భారతంలో పొగబెట్టిన చేప, మాంసం నేటికీ ఆహారంలో భాగాలు. లక్షద్వీపాలకు చెందిన మినికాయ్ దీవిలో సూర చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి ‘మాస్’ అనే నిల్వ పదార్థాన్ని తయారుచేస్తారు. 1957లో ఏర్పడి, కొచ్చి కేంద్రంగా పనిచేస్తున్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేపలను ఎండబెట్టడానికి, పొగబెట్టడానికి తగిన పరికరాలను రూపొందించినది. ఈ సంస్థకు విశాఖపట్నంలోనూ పరిశోధన కేంద్రం ఉన్నది.

ఇంటిలో వాడే పొగపెట్టె నిర్మాణం సరళమైనది. అడుగున నిప్పుకు చోటు, దాని పక్కన గాలి ప్రవేశించే కంత, మధ్యలో చేపలను పరిచే జల్లెడ పలకలు, పైన పొగ వెడలే గొట్టం, ముందు ఒక తలుపు: ఇవే దాని అంగాలు. గాలికంతను కొద్దిగా మూస్తే కర్ర మండక నిదానంగా రాజుకుంటుంది. దట్టమైన పొగ వస్తుంది. కంతను తెరిస్తే మంట లేస్తుంది. వేడి పెరిగి పొగ తగ్గుతుంది. పెట్టెలోని వేడిని, పొగను పాలించే పగ్గం ఆ చిన్న కంతే. ఆ పగ్గం మనిషి చేతిలో ఉండాలంటే గాలి మరే దారినా లోపలికి రాకూడదు. తలుపు చుట్టూ పట్టీని అమర్చేది ఇందుకే.

ముదినేపల్లిలో ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. పాత ఇనుప బీరువాతో చేయించిన పొగపెట్టె వారి పెరటిలో ఉన్నది. కొన్ని నెలలు బాగానే పనిచేసినది. తరువాత తలుపు పైఅంచున సన్నగా పొగ రాసాగినది. కర్ర ఎక్కువ ఖర్చవుతున్నది. పైపలకలోని చేప మాడుతున్నది. తలుపు దగ్గరి చేప మాత్రం లోపల పచ్చిగానే మిగులుతున్నది.

“అత్తయ్యగారూ, పైన కాస్త పొగ పోతే పోయింది. అక్కడ మట్టి రాస్తే సరిపోదా?” అన్నది కోడలు.

“బయటికి పోయే పొగ కంటికి కనబడుతుందమ్మా. లోపలికి పోయే గాలి కనబడుతుందా? ముందు కింద చూడు” అన్నది అత్తగారు.

ఆ మాటలో భౌతికశాస్త్రం ఇమిడి ఉన్నది. వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది. అందువల్ల పెట్టె పైభాగంలో ఒత్తిడి బయటి గాలి కంటే కొంచెం ఎక్కువగాను, అడుగుభాగంలో కొంచెం తక్కువగాను ఉంటుంది. పైఅంచున సందు ఉంటే పొగ బయటికి వస్తుంది. కిందిఅంచున సందు ఉంటే బయటి గాలి నిశ్శబ్దంగా లోపలికి దూరి నిప్పును రేపుతుంది. మొదటిది కళ్లను మండించి తన ఉనికిని చాటుకుంటుంది. రెండవది ఏ గుర్తూ చూపదు. పెట్టెకు ఎక్కువ చెరుపు చేసేది అదే. పొగ కనబడనంత మాత్రాన సందు లేదని తీర్మానించడం, పొగ లేదు కనుక ఇనుపగుండులో నిప్పు లేదనుకోవడం వంటిది.

కనబడని సందును పట్టుకోవడానికి సులభమైన పరీక్షలున్నాయి. పెట్టె పనిచేస్తున్నప్పుడు వెలిగించిన అగరుబత్తిని తలుపు కిందిఅంచు వెంబడి నెమ్మదిగా జరపాలి. దాని పొగ ఎక్కడ లోపలికి లాగబడుతున్నదో అక్కడ సందు ఉన్నట్లు. పెట్టె పూర్తిగా చల్లారిన తరువాత, చీకటిపడ్డాక, లోపల ఒక టార్చిలైటు వెలిగించి తలుపు మూస్తే వెలుతురు సన్నని గీతలుగా బయటపడుతుంది. ఇక మూడవది కాగితపు పరీక్ష. ఒక కాగితపు ముక్కను అంచున ఉంచి తలుపు మూసి లాగాలి. బిగువుగా వస్తే అక్కడ పట్టు ఉన్నట్లు. జారిపోతే పట్టు లేనట్లు. తలుపు చుట్టూ పది పన్నెండు చోట్ల ఇలా పరీక్షించి, వదులుగా ఉన్నచోట సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవాలి.

సందు తెలిసిన వెంటనే కొత్త పట్టీ కొనడానికి పరుగెత్తడం తొందరపాటు. తలుపు వదులు కావడానికి కారణం ప్రతిసారీ పట్టీయే కాదు. మొదట పట్టీమీద, చట్రంమీద పేరుకున్న జిడ్డును చూడాలి. కర్రపొగలోని తారు చల్లారి గట్టిపడితే తలుపు పూర్తిగా మూసుకోదు. దానిని చెక్కముక్కతో గీకి, సబ్బు కలిపిన వేడినీటితో తుడవాలి. కిరోసిన్, పెట్రోలు వంటివి వాడరాదు; వాటి వాసన ఆహారానికి అంటుతుంది, నిప్పు ప్రమాదమూ ఉన్నది. రెండవది బందులు. తలుపు బరువుకు బందుల మరలు వదులైతే తలుపు ఒకవైపు వాలుతుంది. మరలు బిగించడంతోనో, బందు కింద ఒక పలుచని రేకుముక్కను చేర్చడంతోనో అది సర్దుకొంటుంది. మూడవది గడియ. గడియ మధ్యలో ఒక్కటే ఉంటే పొడవైన తలుపు పైమూల, కిందిమూల ఎత్తుకొని ఉంటాయి. పైన ఒకటి, కింద ఒకటి అమర్చితే ఒత్తిడి సమంగా పడుతుంది. నాల్గవది తలుపు వంకర. వేడికి రేకు మెలి తిరిగితే దానిని పనివాని చేత సరిచేయించాలి. ఈ నాలుగూ సరిగా ఉండి కూడా కాగితం జారిపోతే, అప్పుడు దోషం పట్టీది.

పట్టీని ఎంచుకోవడంలో రెండు విషయాలు గమనించాలి: అది వేడికి తట్టుకోవాలి; ఆహారానికి హాని చేయకూడదు. సాధారణ రబ్బరు, స్పాంజి వేడికి కరిగి దుర్వాసన నిస్తాయి. ఆహార వినియోగానికి తగినదని స్పష్టంగా ముద్రించిన సిలికాన్ పట్టీ సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వరకు నిలుస్తుంది. ఇంటి పొగపెట్టె తలుపుకు అది చాలు. గాజునార తాడు అంతకంటె ఎక్కువ వేడిని భరిస్తుంది గాని, దాని నూగు రాలి చేపపై పడే అవకాశమున్నది. పాత సామాను కొట్లలో దొరికే రాతినార తాడును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోరాదు. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరి క్యాన్సరుకు కారణమవుతుందని వైద్యశాస్త్రం నిర్ధారించినది.

పట్టీ ఎంత మందం ఉండాలో తెలుసుకోవడానికి ముద్దగా కలిపిన గోధుమపిండి చాలు. చట్రంమీద నాలుగైదు చోట్ల చిన్న పిండిముద్దలను అంటించి, తలుపు మూసి గడియ బిగించి, మళ్లీ తెరవాలి. అణగిన ముద్దల మందమే సందు కొలత. పట్టీ దానికంటె కొద్దిగా మందంగా ఉండాలి. ఇక పొడవు: తలుపు వెడల్పు 60 సెంటీమీటర్లు, ఎత్తు 90 సెంటీమీటర్లు అయితే చుట్టుకొలత 300 సెంటీమీటర్లు, అనగా మూడు మీటర్లు. కొంచెం అదనంగా కొనడం మేలు. పాత పట్టీని, జిగురును పూర్తిగా తీసి, చట్రాన్ని శుభ్రపరచి, తడి ఆరిన తరువాతనే కొత్తది అంటించాలి. అంటించేటప్పుడు పట్టీని సాగదీయరాదు. సాగదీసినది క్రమంగా ముడుచుకొని అతుకు దగ్గర కొత్త సందును పుట్టిస్తుంది. రెండు కొసలు కలిసే అతుకు బందుల వైపు ఉండడం మంచిది. జిగురు గట్టిపడడానికి దాని డబ్బామీద తెలిపినంత సమయం ఇచ్చి, ఆ తరువాత చేపలు పెట్టకుండా ఖాళీ పెట్టెను రెండు గంటలు వేడి చేసి, మళ్లీ పరీక్షలన్నీ జరపాలి.

సందును మూసే విద్య తెలుగువారికి కొత్తది కాదు. ఆయుర్వేద వైద్యులు పుటం పెట్టేటప్పుడు మూకుళ్ల అంచులకు మట్టి పూసిన గుడ్డను చుట్టేవారు. దానిని చీలమన్ను అంటారు. హైదరాబాదు వంటశాలల్లో దమ్ బిర్యానీ గిన్నె మూతకు పిండితో పట్టు వేయడమూ ఇదే సూత్రం. పట్టీ దొరికే వరకు ఒక పూట పొగపెట్టెకు కూడా పిండిముద్ద పనికివస్తుంది. అయితే అది ఎండి పగులుతుంది కనుక శాశ్వతమైన మరమ్మతు కాదు.

అన్ని సందులూ మూయాలన్న ఉత్సాహంలో పొగగొట్టాన్ని కూడా మూసివేయడం మరొక పొరపాటు. పొగ కదలక నిలిచిపోతే తారు చేపపై పేరుకొని చేదెక్కుతుంది. తలుపు మూసి ఉండాలి. గొట్టం తెరచి ఉండాలి. పట్టీ ఎంత బిగువుగా ఉన్నా పొగపెట్టెను ఇంటిలోపల వాడరాదు. రాజుకొనే కర్ర నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు, అది ప్రాణాంతకం. ఇక్కడ కూడా గుర్తు కనబడకపోవడమే ప్రమాదం.

ఇంత శ్రమ ఒక పట్టీ కోసమా అని అనిపించవచ్చు. పట్టీ కాపాడేది పెట్టెను కాదు, తినేవారిని. సందుల గుండా గాలి దూరి మంట లేచినప్పుడు కర్ర మరింత వేడిగా కాలి, క్యాన్సరు కారకమైన బెంజోపైరీన్ వంటి పదార్థాలు ఎక్కువగా పుడతాయి. ఐరోపా సమాఖ్య 2014 నుండి పొగబెట్టిన చేపలో ఈ పదార్థం కిలోకు రెండు మైక్రోగ్రాములకు మించరాదని నియమించినది. మరొకవైపు, సందు దగ్గరి చేపకు చల్లని గాలి తగిలి లోపలి కండ తగినంత వేడెక్కదు. వేడిపొగ పద్ధతిలో చేప నడిమి కండ కనీసం 63 డిగ్రీల వేడిలో అరగంట ఉండాలి. పైచర్మం బంగారువన్నెకు తిరిగినంత మాత్రాన లోపల ఉడికినట్లు కాదు. రంగు పొగ తగిలినదానికి గుర్తు. వేడి తగిలినదానికి కాదు. వంట ఉష్ణమాపకాన్ని కండలో గుచ్చి చూడడమొక్కటే నమ్మదగిన ప్రమాణం. ఆపైన కూడా క్లోస్ట్రిడియం బొట్యులినం వంటి సూక్ష్మజీవుల బీజాలు ఈ వేడికి నశించవు. తగినంత ఉప్పు, తరువాత చల్లని నిల్వ వాటిని అదుపులో ఉంచుతాయి.

ఆ ఇంటి కోడలు సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటూ పోతే, కాగితం జారిన చోట్లలో ఎక్కువ భాగం కిందిమూలనే తేలతాయి. పైబందు మర బిగించి, కింద మరొక గడియ అమర్చి, అరిగిన పట్టీని మారిస్తే పొగ మళ్లీ గొట్టం దారి పడుతుంది. కర్ర ఖర్చు తగ్గుతుంది. అన్ని పలకల చేప ఒకే తీరున సిద్ధమవుతుంది. కనబడిన పొగను చూసి కోడలు పైఅంచుకు మట్టి రాసి ఊరుకున్నట్లయితే కళ్ల మంట తీరేది గాని, పిల్లల పళ్లెంలోకి పచ్చిచేప చేరడం ఆగేది కాదు. కంటికి కనబడే దోషాన్ని ఎవరైనా సవరిస్తారు; కనబడనిదానిని వెదకి సవరించడమే వివేకం.