ఇంజన్‌లో మిస్సింగ్ ఎందుకు? ప్లగ్ రంగే చెబుతుంది

దంతెవాడ లాంటి వర్షాధార వరి ప్రాంతాల్లో తొలకరి పదును ఆరేలోగా దుక్కి ముగియాలి. వేసవంతా మూలనున్న పెట్రోల్ పవర్ టిల్లర్ అప్పుడే మిస్సింగ్ ఇస్తే అదను తప్పుతుంది.

కిలో పెట్రోల్ పూర్తిగా మండేందుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఈ పాళ్లు తప్పాయేమో ఇంజన్ చల్లారాక స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తే తెలుస్తుంది. కొనపై పొడి నల్లమసి ఉంటే గాలి చాలడం లేదు. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసి, చోక్ పూర్తిగా తెరుచుకుంటోందో చూడాలి. తెల్లగా ఉంటే ఇంధనం చాలడం లేదు. నిల్వ పెట్రోల్ జిగురు కార్బురేటర్ జెట్‌కు అడ్డుపడి ఉండవచ్చు. లేత గోధుమరంగు ఉంటే పాళ్లు సరిగ్గా ఉన్నట్టే.

నేటి పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. ట్యాంకులోకి ఎక్కువ నీరు చేరితే ఇథనాల్ దానితో కలిసి అడుగుకు దిగుతుంది. అందుకే సీజన్ ముగియగానే ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయడం మేలు.