సాండా నూనె సీసాలో ఏముంది?

పోయిన వారం మా దంతాలపల్లి దిక్కు అంగట్లో తాత మోకాళ్ల నొప్పులకని సాండా నూనె కొన్నాడు. అమ్మేటాయన ముందు గుడ్డ మీద నాలుగు బల్లులు. బతికే ఉన్నాయి, కానీ కదలట్లేదు. ఎందుకో అప్పుడు నాకూ తెల్వదు. ఫొటో తీసుకొని ఇంటికొచ్చి చదివిన.

తాత ఉడుములనుకున్నాడు. కాదు. ఉడుము మన చెలకల్లోనే తిరుగుతది, పురుగులూ గుడ్లూ తింటది. ఇది ముళ్లతోక బల్లి, శాస్త్రీయ నామం సారా హార్డ్‌వికీ. దీని ఊరు జైసల్మేర్, కచ్ దిక్కు ఎడారి. పెద్దయ్యాక దాదాపు ఆకులూ పూలే మేస్తది. గట్టి నేలలో బొరియ తవ్వుకొని, లోపలికి పోయి మట్టితో మూతి మూసుకుంటది. చలికాలం చాలావరకు అందులోనే, తిండి లేకుండా. అప్పుడు దాన్ని బతికించేది తోకలో దాచుకున్న కొవ్వు.

సీసాలో పోసి అమ్మేది ఆ కొవ్వునే, కరిగించి. పారిపోకుండా ముందే వెన్ను విరుస్తారు. అందుకే కదలట్లేదు.

నొప్పులకైనా, మగతనానికైనా ఇది పనిచేస్తుందనడానికి రుజువు లేదు. రుద్దితే హాయిగా ఉంటది, నువ్వుల నూనెతో రుద్దినా ఉంటది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని పట్టడం, అమ్మడం నేరం. మీ అంగట్లో కనిపిస్తే ఫారెస్టోళ్లకు చెప్పండి. నేను చెప్పేసరికి ఆయన వెళ్లిపోయిండు.

తాతకు ఇదంతా చెప్పిన. "రెండు వందలు పెట్టిన గదరా" అన్నాడు. సీసా ఇంకా అలమారలోనే ఉంది.