ఫాలోవర్లు సరే, గిరాకీ ఏది?

మా పిన్ని కూతురు తాడేపల్లిగూడెంలో పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూసిపెడతానన్న ఓ కుర్రాడికి నెలకి ఎనిమిది వేలిచ్చింది. మూడు నెలల్లో ఫాలోవర్లు ఇరవై వేలు దాటారు. ఆర్డర్లు మాత్రం ఎప్పటిలాగే వారానికి నాలుగో ఐదో. "ఇదేమిటో కాస్త చూడన్నయ్యా" అని ఫోన్ నా చేతిలో పెట్టింది. ఇన్‌సైట్స్ తెరిచి ఫాలోవర్లు ఏయే ఊళ్లవాళ్లో చూశాను. పైనున్న అయిదింటిలో తెలుగు వినబడే ఊరు ఒక్కటీ లేదు. గోంగూరంటే ఏమిటో తెలియనివాళ్ల లెక్క చూసుకుని ఆ పిల్ల మూడు నెలలు మురిసిపోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

డబ్బులిస్తే ఫాలోవర్లు దొరకడం ఇవాళ్టి సంగతి కాదు. 2014 డిసెంబరులో ఇన్‌స్టాగ్రామ్ దొంగ ఖాతాల్ని ఏరేస్తే పెద్ద పెద్ద తారలకే లక్షల్లో తగ్గిపోయారు. కంపెనీలు చూపే అంకెలైనా కళ్లు మూసుకుని నమ్మేవి కావు. జనం వీడియోలు సగటున ఎంతసేపు చూస్తున్నారో రెండేళ్లపాటు ఎక్కువ చేసి చూపామని 2016లో ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. మూడు సెకన్లలోపే దాటిపోయినవాళ్లని వదిలేసి సగటు కట్టారు మరి. అందుకే పేజీ ఎవరికైనా అప్పగించేముందు, అంకె ఎంతున్నా, అది ఎలా వచ్చిందో విడమరిచి చెప్పగలిగేవాళ్లని వెతకాలి.

నేనైతే ముందు ఇదే అడుగుతాను: "ఆడని పోస్టు ఒకటి చూపించి, ఎందుకు ఆడలేదో చెప్పండి." పని తెలిసినవాళ్లు వెంటనే ఫోన్ తీస్తారు. "మొదట్లోనే జాడీ చూపించాల్సింది, దుకాణం బోర్డు చూపించాం, జనం దాటేశారు" అంటారు. "అల్గారిదం మారిందండీ" దగ్గరే ఆగిపోయేవాళ్లతో జాగ్రత్త. అది మారడం నిజమే, మారాక వాళ్లేం మార్చారన్నదే తెలియాలి. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ని నిషేధించినప్పుడు ఎన్నో ఖాతాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. జనానికి ఏం కావాలో తెలిసినవాళ్లు ఇంకోచోట మళ్లీ మొదలుపెట్టగలిగారు.

తర్వాత ఓ వారం పని ఇచ్చి చూడండి. ఒకే పచ్చడి, వెయ్యి రూపాయల ప్రకటన. బూస్ట్ నొక్కి వదిలేస్తారా, యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి ఏ ఊరివాళ్లకి చూపాలో, నొక్కినవాళ్లు వాట్సాప్‌కి రావాలో ఇంకెక్కడికి రావాలో ఆలోచిస్తారా? ఆ వారానికీ జీతం ఇవ్వాలి. పరీక్ష పేరుతో ఊరికే చేయించుకోవడం అన్యాయం. రాయడం, తీయడం, ఎడిటింగ్, జవాబులు, ప్రకటనలు అన్నీ ఒక్కరి నెత్తిన పెట్టి ఎనిమిది వేలివ్వడమూ అంతే, ఆ మాట మా చెల్లెలికీ చెప్పాను. ఖాతా మాత్రం మీ నంబరు, మీ మెయిల్ మీదే ఉండాలి.

ఇప్పుడు పక్కవీధి డిగ్రీ అమ్మాయి మా చెల్లెలి పేజీ చూస్తోంది. వచ్చిన రోజు ఒక్క వీడియో తీయలేదు. కూర్చుని ఆరు నెలల మెసేజీలన్నీ చదివింది. "అక్కా, వెల్లుల్లి లేకుండా దొరుకుతుందా అని చాలామంది అడిగారు. ఎవరికీ జవాబివ్వలేదు" అంది.