పరిహాస చిత్రములు

నేను ఉపాధ్యాయుడనుగా నున్న దినములలో ఒకనాడు తరగతిలో ప్రవేశించునప్పటికి నల్లబల్లపై నా బొమ్మ కనబడెను. ముక్కు మూరెడు, కండ్లజోడు చాటంత. కోపము రాబోయి నవ్వు వచ్చినది. ఏలనన ఆ ముక్కు నాదే. ఉన్న లక్షణమునే పెంచి చూపి నవ్వించు ఇట్టి బొమ్మలను పరిహాస చిత్రములందురు. 1714 మొదలు 1830 వరకు ఇంగ్లండును నలుగురు జార్జి రాజులు వరుసగా పాలించిరి. ఆ కాలపు ఉత్తరార్ధమున ఈ కళ లండను నగరమందు మిక్కిలి వర్ధిల్లెను.

ఆనాటి సంపన్నుల వేషములు చిత్రకారులకు కావలసినంత పని కల్పించినవి. స్త్రీలు తలవెండ్రుకలలో మెత్తలు చొనిపి, పిండి చల్లి, గోపురములవంటి కొప్పులు పెట్టుకొనిరి. విదేశయాత్ర చేసి వచ్చిన యువకులు కొందరు ఎత్తైన విగ్గులపై చిన్న టోపీ లుంచుకొని కులుకుచు తిరిగిరి. ఇటలీవారి వంటకము పేర జనులు వీరిని మాకరోనీలనిరి. మాథ్యూ డార్లీ, మేరీ డార్లీ అను దంపతులు 1770 తరువాత ఇట్టివారి బొమ్మలను అచ్చువేసి అమ్మిరి. వారి దుకాణమున వెలువడిన యొక చిత్రములో, కొప్పు దిద్దువాడు నిచ్చెన యెక్కి పనిచేయుచుండగా, వేరొకడు నావికులు నక్షత్రముల ఎత్తు కొలుచు పరికరముతో ఆ కొప్పును కొలుచుచుండును!

ఈ చిత్రములను చేయు విధానము వినదగినది. రాగిరేకుపై మైనపు పూత పూసి, దానిపై సూదితో గీయుదురు. గీత పడినచోట రాగి బయటపడును. రేకుపై ఆమ్లము పోసినచో అది ఆ గీతలను మాత్రమే తినివేయును. పిదప ఆ గాళ్లలో సిరా నింపి, తడికాగితము పరచి, యంత్రమున నొత్తుదురు. కాగితముపై బొమ్మ కుడియెడమలు తారుమారగును గనుక, రేకుపై అక్షరములను తిరుగవేసి వ్రాయవలెను. రంగులు చేతితోనే అద్దుదురు. కావున రంగుల ప్రతికి వెల యెక్కువ. కొనలేని బీదలు దుకాణపు గాజుకిటికీ ముందు గుమిగూడి ఉచితముగా నవ్వుకొనిరి.

ఈ కళయందు అగ్రగణ్యుడు జేమ్సు గిల్రే (1756-1815). హన్నా హంఫ్రీ అను వనిత దుకాణముపై గదులలో నివసించుచు ఆయన చిత్రములు చెక్కెను. 1792లో యువరాజును గీసినాడు: భోజనము ముగించి, కుర్చీలో వెనుకకు వ్రాలి, ఫోర్కుతో పండ్లు కుట్టుకొనుచున్నాడు, పొట్టపై బొత్తాము తెగునట్లున్నది, వెనుక తీర్చని అప్పుల చీటీలు. దీనికి జతగా, కోడిగ్రుడ్డుతో సరిపెట్టుకొను లోభిగా ఆ యువరాజు తండ్రియైన రాజునే చిత్రించెను. చిత్రమేమనగా, ఆ యువరాజే ఇట్టి బొమ్మలను కొని దాచుకొనుచుండెను.

నవ్వునకు వెల కట్టువారును లేకపోలేదు. 1797లో ప్రభుత్వము గిల్రేకు రహస్యముగా వార్షిక భృతి ఏర్పరచెను. ఆయన దానిని స్వీకరించి, ప్రతిపక్షమువారిపైననే తన సూదిని వాడిచేసెను. ఎంత నేర్పరియైనను ఇది ఆయన కీర్తికి మచ్చయే యని నా తలంపు. ఆ యువరాజే 1820లో నాలుగవ జార్జి రాజైనపుడు, తన్ను అవినీతికర సన్నివేశములలో చిత్రింపరాదని జార్జి క్రుయిక్‌షాంకు అను యువ చిత్రకారునకు నూరు పౌనులు ముట్టినవి. క్రుయిక్‌షాంకు సొమ్ము పుచ్చుకొనెను. ఆ యేడే, కొలది మాసములలో, రాజు కాపురమును గేలిచేయు పుస్తక మొకటి వెలువడెను. అందలి బొమ్మలు గీసినవాడు క్రుయిక్‌షాంకే.