కాగితాలు లేని జీపు

ఆటోలు రాకముందు పాలమూరు పల్లెల్లో బస్సు పోని ఊరికి జీపే దిక్కు. కొత్తకోట దగ్గర వనపర్తికి దారి చీలేచోట నిలబడి, లోపల పట్టినంతమందిని కూర్చోబెట్టుకొని, మిగిలినవాళ్లను వెనక నిలబెట్టుకొని కదిలిన సర్వీసు జీపులు ఇప్పుడు నడివయసు దాటినవాళ్లకు బాగా గుర్తుంటాయి. ఆ తరం బండ్లలో చాలా భాగం తుక్కు కిందికి పోయాయి. మిగిలినవి దొడ్లో వేపచెట్టు కింద, బావి దగ్గర షెడ్డులో టైర్లు నేలకు దిగిపోయి పడి ఉన్నాయి. ఈ మధ్య కుర్రవాళ్లు వాటిని బయటికి లాగి బాగు చేయిస్తున్నారు. ఇంజన్ తిరుగుతుంది, రంగు మెరుస్తుంది. ఆర్సీ ఎక్కడుందంటే ఇంట్లో ఎవరికీ తెలియదు.

బండి ముందు బాగుచేసి, కాగితాల సంగతి తర్వాత చూద్దామనుకుంటారు చాలామంది. వరుస తిరగేయాలని నా గట్టి నమ్మకం. ఎందుకో తెలియాలంటే ఈ యంత్రం ఎట్లా పుట్టిందో చూడాలి.

1940 వేసవిలో అమెరికా సైన్యం చిన్న, తేలికైన, నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి కావాలని కంపెనీలను అడిగింది. గడువు చాలా తక్కువ. పెన్సిల్వేనియాలోని బట్లర్ అనే ఊళ్లో దివాలా అంచున ఉన్న బాంటమ్ అనే చిన్న కార్ల కంపెనీ, కార్ల్ ప్రోబ్‌స్ట్ అనే ఇంజనీరును పిలిపించింది. ఆయన జులై 17న పనికి కూర్చొని రెండు రోజుల్లో నక్షాలు గీశాడు. సెప్టెంబర్ 23 నాటికి మొదటి బండి సైన్యం ముందు నిలబడింది. అయితే వేలకు వేలు తయారు చేసే సత్తా బాంటమ్‌కు లేదు. సైన్యం విల్లీస్ కంపెనీ నమూనాను ప్రమాణంగా ఎంచుకొని, ఫోర్డు చేత కూడా అవే నక్షాలతో చేయించింది. యుద్ధం ముగిసేసరికి విల్లీస్ దాదాపు 3.6 లక్షలు, ఫోర్డు దాదాపు 2.8 లక్షల జీపులు వదిలాయి.

ఆ రెండు కంపెనీలకూ పెట్టిన షరతు ఒకటుంది. విల్లీస్ బండి సామాను ఫోర్డు బండికి, ఫోర్డుది విల్లీస్‌కు అతకాలి. యుద్ధభూమిలో పాడైన రెండు బండ్లను కలిపి ఒక మంచి బండిని లేపగలగాలి. చాసిస్ అంటే నిచ్చెన ఆకారంలో ఉండే ఉక్కు చట్రం. దాని మీద ఇంజన్, గేర్‌బాక్సు, బాడీ అన్నీ బోల్టులతో బిగుసుకుంటాయి. ఏది విప్పినా రెండోది కదలదు. సైనికుడికి అది వరమైంది. ఎనభై ఏళ్ల తర్వాత ఆర్టీఓ కార్యాలయం గుమ్మంలో నిలబడినవాడికి మాత్రం అదే చిక్కు తెచ్చిపెట్టింది. చాసిస్ ఒక బండిది, ఇంజన్ ఇంకో బండిది, బాడీ రేకు వేసి కొట్టించింది అయినప్పుడు, ఆ జీపు పుట్టిన సంవత్సరం ఏదని చెప్పాలి?

మన దేశంలో ఈ కలగాపులగం ఇంకా పెరిగింది. యుద్ధం తర్వాత సైన్యం వదిలేసిన జీపులు వేలంపాటల్లో అమ్ముడుపోయాయి. 1940ల చివర్లో మహీంద్రా కంపెనీ బొంబాయిలోని మజ్‌గావ్‌లో మొదటి 75 విల్లీస్ జీపులను విడిభాగాలు తెప్పించి బిగించింది. తర్వాత ఇక్కడే తయారీ మొదలైంది. 1952లో సమాజ అభివృద్ధి పథకం వచ్చాక బ్లాకు ఆఫీసు ముందు జీపు నిలబడటం ఊళ్లవాళ్లకు అలవాటైపోయింది. కొత్తకోట పక్కన సరళాసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 1949లో. చేసింది అప్పటి హైదరాబాద్ మిలిటరీ గవర్నర్ జె.ఎన్.చౌధురి. నీటిమట్టం పెరగగానే మనిషి చెయ్యి తగలకుండా సైఫన్లు వాటంతట అవే పనిచేసే ఆ ప్రాజెక్టు కట్టిన దశాబ్దమే జీపు మన సర్కారు ఆఫీసుల్లోకి నడిచివచ్చిన దశాబ్దం కూడా.

సర్కారు జీపు ముసలిదైతే వేలానికి వస్తుంది. కొన్నవాడికి పెట్రోలు ఖర్చు మోయలేని భారం. విల్లీస్ 2.2 లీటర్ల పెట్రోలు ఇంజన్ తీసేసి ప్యూజో డీజిల్ ఇంజనో, మటడోర్ ఇంజనో ఎక్కించేవాళ్లు. ఎక్కువమంది పట్టాలని చాసిస్ కోసి పొడుగు చేసేవాళ్లు. హర్యానాలోని మండీ డబ్వాలీలో పాత మిలిటరీ సామానుతో జీపులు కట్టడమే ఒక పరిశ్రమగా ఎదిగింది. ఇవన్నీ పేదరికంలోంచి పుట్టిన ఇంజనీరింగ్. ఆ మేస్త్రీల పనితనం మీద నాకు ఎనలేని గౌరవం. కొలతబద్ద, గ్యాస్ వెల్డింగు, చెవి, ఈ మూడింటితో వాళ్లు నడిచే బండిని నిలబెట్టారు.

అందుకే ఇనుమును చదవడంతో పని మొదలు కావాలంటాను. దొరికిన జీపు అసలు ఏమిటో తెలుసుకోవడం మొదటి మెట్టు. బానెట్ ఎత్తు చూడండి. యుద్ధకాలపు జీపుకు బానెట్ పల్లంగా, రేడియేటర్ గ్రిల్ పొట్టిగా ఉంటుంది. దాని ఇంజన్‌లో రెండు రకాల వాల్వులూ పక్కనే, బ్లాకులోనే ఉంటాయి కాబట్టి ఇంజన్ పొట్టి. 1950ల్లో వచ్చిన ఇంజన్‌లో లోపలికి గాలి పీల్చే వాల్వులు తలమీదికి ఎక్కాయి. ఇంజన్ పొడుగైంది, దాని మీద మూతపెట్టాల్సిన బానెట్టూ లేచింది. ఆ ఎత్తు బానెట్ బండే సీజే-3బి. మహీంద్రా దశాబ్దాల పాటు చేసింది దాన్నే, దాని సంతతినే. ముందు బంపరు వెనక అడ్డకడ్డీ గుండ్రని గొట్టమైతే చాసిస్ విల్లీస్‌ది, బోర్లించిన యు ఆకారంలో ఉంటే ఫోర్డుది. ఫోర్డు తన బోల్టుల తలల మీద కూడా ఎఫ్ అక్షరం కొట్టుకుంది. మట్టి, గ్రీజు కడిగి ఒక్కొక్క బోల్టు చూసుకుంటూ పోతే బండిలో ఏ కంపెనీ సామాను ఎంత మిగిలిందో తేలిపోతుంది.

ఆ తర్వాత నంబరు. ఫోర్డు యుద్ధకాలపు బండ్లకు ఎడమ చాసిస్ కడ్డీ పైభాగాన కొట్టింది. విల్లీస్ ఎడమ కడ్డీ లోపలివైపు చిన్న రేకు పలక బిగించింది. పలక ఊడిపోతుంది, కొట్టిన అంకె తుప్పులో కూరుకుపోతుంది. తొందరపడి గ్రైండర్ పెట్టినవాడు బండికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని తన చేత్తో చెరిపేస్తాడు. ఇసుక బ్లాస్టింగు కూడా ఆ చోట వద్దు. తుప్పు కరిగించే ద్రవం, మెత్తని వైరు బ్రష్షు, ఓపిక ఉంటే చాలు.

అంకె కంటికి కనబడకపోయినా ఆశ మిగిలే ఉంటుంది. ఉక్కు మీద అచ్చు పెట్టి సమ్మెటతో కొట్టినప్పుడు పైకి కనబడే గుంట ఒక్కటే పడదు. గుంట కింద, దాని చుట్టూ ఉన్న లోహపు స్ఫటికాలు నలిగి, ఒకదాని మీద ఒకటి జారి, ఆ ఒత్తిడిలోనే ఉండిపోతాయి. ఈ నలిగిన పొర గుంట అడుగును దాటి ఇంకా లోతుకు పోతుంది. ఆకురాయితో గుంట మొత్తం అరగదీసినా కింది పొర మిగులుతుంది. ఆ చోటును నునుపు చేసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో క్యూప్రిక్ క్లోరైడ్ కలిపిన ద్రావణం దూదితో అద్దుతారు. నలిగిన స్ఫటికాలూ నలగనివీ ఒకే వేగంతో కరగవు. ఆ తేడాలోంచి అంకెలు ఒక్కొక్కటిగా పైకి తేలతాయి. తేలగానే ఫొటో తీసుకోవాలి, ఎక్కువసేపు నిలవకపోవచ్చు. ఫ్రై ద్రావణం అనే ఈ పద్ధతి దొంగ బండ్లను, దొంగ తుపాకులను పట్టుకోవడానికి ఫోరెన్సిక్ ల్యాబుల్లో వాడేది. ఇంట్లో చేసే పని కాదు, ఆమ్లంతో చెలగాటం వద్దు. ఒక పరిమితి కూడా ఉంది. ఆ చోట వెల్డింగు పడితే వేడికి స్ఫటికాలు మళ్లీ సర్దుకుంటాయి, ఒత్తిడి పోతుంది, అంకె శాశ్వతంగా మాయమవుతుంది. నంబరు దగ్గర్లో టార్చి వెలిగించే ముందు మేస్త్రీకి ఈ మాట చెప్పి తీరాలి. చెరిగిన చోట మనకు తోచిన నంబరు కొట్టించడం మాత్రం నేరం. ఆ పని చేసిన బండి నిజంగా పాతదైనా దొంగ బండి లెక్కలోకే పోతుంది.

యంత్రం బాగుచేయడం ఇంతకన్నా తేలిక. యుద్ధకాలపు విల్లీస్ ఇంజన్‌లో సంపీడన నిష్పత్తి 6.5 లోపే కాబట్టి నాసిరకం పెట్రోలుతో కూడా నడిచేది. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో దానికి ఇంజన్‌లో బాధ లేదు, గొట్టాల్లో ఉంది. ఇథనాల్ తేమను లాగుతుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. పంపు డయాఫ్రం, ట్యూబులు, గాస్కెట్లు ఇథనాల్‌కు తట్టుకునే రకం వేయించుకోవాలి. బ్రేకు సిలిండర్లలో రబ్బరు కప్పులు తప్పకుండా మార్చాలి. పాత జీపుకు బ్రేకు గొట్టాల వరుస ఒకటే. ఎక్కడ కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది.

ఇక కాగితం. ఇక్కడ చరిత్ర కూడా అడ్డం తిరుగుతుంది. పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్ జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రం, తర్వాత ఆంధ్రప్రదేశ్, 2014 నుంచి తెలంగాణ. 1989కి ముందు మూడక్షరాల నంబర్లు. తర్వాత ఏపీ 22. 2014లో టీఎస్ 06. 2016 అక్టోబరులో వనపర్తి జిల్లా అయ్యాక కొత్తకోట బండ్లకు టీఎస్ 32, 2024 నుంచి టీజీ 32. ఒకే దొడ్లో కదలకుండా పడి ఉన్న జీపు ఇన్ని చిరునామాల కింద బతికింది. పాత నంబరు ఒక్కటి దొరికితే చాలా దూరం పోవచ్చు. పాత బీమా కాగితం, పన్ను రసీదు, పర్మిట్ మీది ముద్ర, బాడీ మీద కొత్త రంగు కింద మిగిలిన అక్షరాలు, పెళ్లి ఫొటోలో బండి ముందుభాగం, అన్నీ వెతకాలి. నంబరు దొరికితే చివరగా రిజిస్టరు చేసిన ఆఫీసు ఏదో తెలుస్తుంది. ఆర్సీ పోయిందని పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, 26వ ఫారంతో ఆ ఆఫీసులోనే నకలు అడగాలి. పాత చేతిరాత రిజిస్టరులోని చాసిస్ నంబరూ, బండి మీద పెన్సిల్‌తో తీసిన ప్రింటూ ఒకటైతే దారి తెరుచుకున్నట్టే. సైన్యం వేలంలో కొన్నదైతే, సైన్యమే ఇచ్చిన 21వ ఫారం అమ్మకపు పత్రాన్ని రిజిస్ట్రేషన్‌కు ఆధారంగా కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ఒప్పుకుంటాయి. ఇనప్పెట్టె అడుగున పడి ఉన్న ఆ ఒక్క కాగితం కోసం ఇల్లంతా గాలించినా తప్పులేదు.

2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటిన, సొంత వాడకానికి ఉన్న రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లకు ఇది వర్తిస్తుంది. దరఖాస్తు 20వ ఫారంలో. కొత్తగా రిజిస్టరు చేయడానికి 20,000 రూపాయలు, మళ్లీ రిజిస్టరు చేయడానికి 5,000. ఆర్సీ పదేళ్లు చెల్లుతుంది. పాత నంబరు ఉంటే అదే ఉంచుకోవచ్చు. కొత్తది తీసుకుంటే రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. రోజువారీ తిరుగుడు, కిరాయి కుదరవు. ప్రదర్శనకో ర్యాలీకో, పెట్రోలుకో మరమ్మతుకో మాత్రమే రోడ్డెక్కాలి.

మంచి నిబంధనే, నేను స్వాగతిస్తాను. కానీ అందులో ఒక షరతు మన జీపుల్లో చాలావాటిని గుమ్మంలోనే ఆపేస్తుంది. బండి అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. డీజిల్ ఇంజన్ ఎక్కి, చాసిస్ పొడుగైన సర్వీసు జీపు ఎంత ముసలిదైనా వింటేజ్ కాదు. మామూలు దారి కూడా ఇరుకే. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడం 52వ సెక్షన్ కింద చెల్లదని చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉన్నాయి. కాబట్టి అసలు ఇంజన్ దొరికే వీలుంటే, రంగుకు పెట్టే డబ్బు ముందు దానికి పెట్టండి.

పూర్తిగా ఇంట్లో కట్టిన బండి సంగతి ఇంకా కష్టం. కొత్త బండి రిజిస్ట్రేషన్‌కు అమ్మినవాడి పత్రం, తయారీదారు ఇచ్చే 22వ ఫారం కావాలి. తయారీదారు అనిపించుకోవాలంటే నమూనాను పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలో పరీక్షించి ఆమోదం పొందాలి. లక్ష బండ్లు చేసే కంపెనీకీ ఒక్క బండి చేసే కమ్మరికీ మన చట్టంలో ఒకటే తలుపు. 2021 డిసెంబరులో మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాకు చెందిన దత్తాత్రేయ లోహార్ తుక్కు సామానుతో కిక్ కొడితే కదిలే చిన్న బండి కట్టి దేశమంతా మెప్పు పొందాడు. నిబంధనల ప్రకారం అది రోడ్డెక్కలేదని ఆనంద్ మహీంద్రా అప్పుడే చెప్పి, దాన్ని తీసుకొని బదులుగా ఆయనకు బొలెరో ఇచ్చాడు. మన హైదరాబాద్‌లో కె.సుధాకర్ యాదవ్ కెమెరా, క్రికెట్ బంతి, హ్యాండ్‌బ్యాగు ఆకారాల్లో నడిచే కార్లు చేతితో కట్టి, బహదూర్‌పురాలో 2010లో సుధా కార్ల మ్యూజియం పెట్టాడు. ఇంట్లో కట్టిన బండికి ప్రదర్శనశాల కూడా గౌరవమైన చోటేనని ఆ మ్యూజియం చూస్తే తెలుస్తుంది.

బ్రిటన్‌లో వేరే పద్ధతి నడుస్తోంది. ఇంట్లో కట్టిన ఒక్క బండిని కూడా ఇన్‌స్పెక్టరు బ్రేకులు, లైట్లు, పొగ, స్టీరింగు అంశాలవారీగా పరీక్షించి ఆమోదిస్తాడు. బండి వయసూ పుట్టుకా రుజువు కాకపోతే క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. దీని చరిత్ర తెలియదని ఆ నంబరే ఒప్పేసుకుంటుంది. కొన్నవాడు మోసపోడు, కట్టినవాడు అబద్ధం చెప్పనక్కరలేదు. మనకు ఇలాంటిది కావాలి. ప్రతి ఆర్టీఓ ఆఫీసులో బండిని కింద దూరి చూడగలిగిన బ్రేకిన్‌స్పెక్టరు ఇప్పటికే ఉన్నాడు. చాలా జిల్లాల్లో పాలిటెక్నిక్ కూడా ఉంది. వనపర్తిలో సంస్థానం ప్యాలెస్‌లోనే 1959 నుంచి నడుస్తోంది. మార్చిన చాసిస్ బలం లెక్కగట్టడం, బ్రేకు దూరం కొలవడం అక్కడి మెకానికల్ విద్యార్థులు పాఠంగా నేర్చుకునే పనే. ఆ ఇన్‌స్పెక్టరునూ ఈ పాలిటెక్నిక్‌నూ కలిపే ఒక్క నిబంధన వస్తే, దొడ్లో ఉన్న సర్వీసు జీపు తన ప్యూజో ఇంజన్‌తోనే, తన పొడుగు చాసిస్‌తోనే, ఉన్నది ఉన్నట్టు రాసిన ఆర్సీతో రోడ్డు మీదికి రావచ్చు.