కారు దిగి గండికోట చూద్దాం

అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి చెందిన మాకినా అనే చిన్న దీవి ఒకటి హ్యూరాన్ సరస్సులో ఉంది. 1898లోనే అక్కడ మోటారు బండ్లు వద్దన్నారు, గుర్రాలు బెదురుతున్నాయని. అప్పటికింకా కారంటే ఏందో లోకంలో చాలామందికి తెలియదు! ఇప్పటికీ అంబులెన్సు, ఫైరింజను లాంటివి తప్ప దీవి చుట్టూ ఉన్న 13 కిలోమీటర్ల రోడ్డు మీద సైకిళ్ళు, గుర్రబ్బండ్లు, నడిచే మనుషులే. టూరిస్టులు పడవ దిగి, సైకిల్ బాడుగకు తీసుకుని తిరుగుతారు.

బానే ఉంది గానీ, కడప జిల్లాలో దీవి యాడుందబ్బా అంటారా? నీళ్ళ మధ్య ఉండే దీవి కావాలంటే విజయవాడ పోయి కృష్ణలో భవానీ ద్వీపానికి బోటెక్కాల్సిందే. కానీ దీవిలో కార్లు లేకుండా చెయ్యడం ఎందుకు సులువో ఆలోచించండి. లోపలికి పోయే దారి ఒక్కటే, దాన్ని కాస్తే చాలు. ఆ లెక్కన మన దగ్గరా ఒక దీవి ఉంది. జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు. గండికోట.

ఒకపక్క ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న పారే లోయ, మిగతా పక్క కొండలు, గోడ, బురుజులు. శత్రువుల బండ్లు, ఫిరంగులు పైకి రాకూడదనే కదా అట్లాంటి చోటు చూసి కట్టుకున్నారు. పెమ్మసాని నాయకుల చేతిలోని ఆ కోటను 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. తర్వాత రెండేళ్ళకు ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే అతన్ని కలవడానికి ఇక్కడికి వచ్చి, పైకెక్కే దారి ఎంత ఇరుకో, పక్కన లోయ ఎంత భయంకరమో రాసుకున్నాడు. ఇప్పుడు ఆ భయమేం లేదు, తారురోడ్డు ఉంది. ఆదివారమొస్తే వరసగా కార్లు. పాతకాలపు వాకిట్లో రెండు బండ్లు ఎదురెదురుగా వస్తే ఎవరో ఒకరు రివర్స్ పోవాల్సిందే. అక్కడ హారన్ కొడితే రాతిగోడలకు తగిలి రెండింతలై తిరిగొస్తుంది.

సైకిల్ మీద పోవడం ఎట్లా అంటే, ప్రొద్దుటూరు వాళ్ళు జమ్మలమడుగు దాకా ఇరవై కిలోమీటర్ల చిల్లర తొక్కాలి. దారి దాదాపు సమంగానే ఉంటుంది. పులివెందుల ఫ్రెండ్స్‌కు ముద్దనూరు మీదుగా దూరం ఎక్కువ. ఒక్కరోజులో పోయిరావాలని పంతం పట్టొద్దు, జమ్మలమడుగులో ఎవరి సైకిలన్నా అడుక్కోండి. అసలు కథ ఆ తర్వాతి ఎక్కుడులో ఉంది.

కొంచెం లెక్క వేద్దాం (ఇంజనీరింగ్ చదివినందుకు ఇంతైనా పనికి రావాలి). మనిషి, సైకిలు కలిపి 80 కిలోలు అనుకుంటే, వంద మీటర్ల ఎత్తెక్కడానికి దాదాపు 78 కిలోజూళ్ళ పని. తిన్న తిండిలో నాలుగో వంతు కూడా పెడల్ దాకా రాదు కాబట్టి, ఒంట్లోంచి 80, 90 కేలరీలు పోతాయి. అంటే రెండు ఇడ్లీలు. తిండి సమస్యే కాదు, సమస్య గేరు. మామూలు సైకిల్‌కు ముందు 44 పళ్ళు, వెనక 18 అయితే, ఒక్కసారి పెడల్ తిప్పితే దాదాపు 5.4 మీటర్లు పోతుంది. ఎక్కుడులో గంటకు 10 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి 31 తిప్పుళ్ళే. మోకాళ్ళు పట్టేస్తాయి. వెనక ఫ్రీవీల్ తీసి 22 పళ్ళది వేయిస్తే అదే వేగానికి 38 తిప్పుళ్ళు, ఒక్కో తొక్కుడికి బలం అయిదో వంతు తగ్గుతుంది. లేదంటే దిగి తోసుకుంటూ పోండి, అందులో నామోషీ ఏం లేదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల పోండి. మన ఎండలు మీకు కొత్తగా చెప్పేదేముంది. తెల్లారకముందే బయల్దేరి, మనిషికి మూడు లీటర్లన్నా నీళ్ళు పెట్టుకోండి.

కోట లోపల సైకిల్ విలువ తెలిసొస్తుంది. చార్మినార్ లాంటి బురుజు, జైలు, మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం, రాయల చెరువు, అన్నీ విడివిడిగా ఉంటాయి. నడిస్తే ఎండకు అలసిపోతాం, కారులో అయితే సగం దాటేసి పోతాం. గుడి గోపురాన్ని, మసీదు మినార్లను ఒకే చూపులో పట్టుకోవాలంటే ఎక్కడ అనిపిస్తే అక్కడ కాలు కింద పెట్టగలగాలి. లోయ దగ్గరికి మాత్రం సైకిల్ తీసుకుపోవద్దు. మసీదు దగ్గరే తాళం వేసి, బండల మీద నడిచి పోండి. అంచున నిలబడి సెల్ఫీలు మానండి. కింద పెన్న దాదాపు 300 అడుగుల వెడల్పున ఉంటుంది, పైనుంచి చూస్తే పిల్లకాలువలా కనిపించి మోసం చేస్తుంది.

ఇంతకీ కోటలో కార్లు ఆపేయొచ్చా? ఆపొచ్చనే నేనంటాను. కానీ అది ఖాళీ కోట కాదు, లోపల ఊరుంది. అక్కడివాళ్ళు గ్యాస్ సిలిండర్ తెచ్చుకోవాలి, అర్ధరాత్రి నొప్పులొస్తే ఆసుపత్రికి పోవాలి. వాళ్ళ బండ్లకు అడ్డు చెప్పే హక్కు ఆదివారం వచ్చిపోయే మనకు లేదు. టూరిస్టుల కార్లను వాకిలి బయటే ఆపి, లోపల తిరగడానికి ఆ ఊరి పిల్లలే సైకిళ్ళు బాడుగకు ఇస్తే, ఆ డబ్బు ఊళ్ళోనే ఉంటుంది. నడవలేని పెద్దోళ్ళకు రెండు బ్యాటరీ ఆటోలు చాలు. ముందు ఊరివాళ్ళను అడగాలి, బోర్డులు తర్వాత.

మరొక్క మాట, తిరుగు దారి గురించి. ఎక్కేటప్పుడు వంద మీటర్లకు పెట్టిన ఆ 78 కిలోజూళ్ళు దిగేటప్పుడు ఎక్కడికో పోవాలి కదా? కొంత గాలికి పోయినా, మిగతాదంతా బ్రేకు రబ్బర్ల దగ్గర వేడిగా మారుతుంది. అరిగిన రబ్బర్లుంటే జమ్మలమడుగులోనే మార్పించుకోండి, పైన షాపు వెతుక్కోలేరు.